మున్సిపల్ పార్కు, ఈతకొలను, షటిల్ హాలు మూతపడకుండా నడపడం ఎలా

మన పట్టణాల్లో మున్సిపాలిటీ కట్టిన క్రీడా ప్రాంగణాలు చాలావరకు ఒకే వరసలో పాడవుతాయి. ముందు ఒక లైటు మాడిపోతుంది, దాన్ని మార్చే మనిషి ఉండడు. చీకటి పడితే ఆడవాళ్లు రావడం మానేస్తారు. జనం తగ్గారని వాచ్‌మన్‌ను ఇంకో చోటికి పంపేస్తారు. వాచ్‌మన్ లేడని మరుగుదొడ్డికి తాళం పడుతుంది. దాంతో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులూ రారు. చివరికి ఎవరూ వాడడం లేదన్న కారణం చూపించి హాలును గోడౌనుగా మారుస్తారు. ఇందులో ఏ దశలోనూ లక్షల ఖర్చు లేదు. రోజూ చేయాల్సిన చిన్న పనికి మనిషి, సమయం, కొద్దిపాటి డబ్బు ముందే కేటాయించకపోవడమే అసలు లోపం.

విజయవాడలో సర్ విజ్జీ స్విమ్మింగ్ పూల్, విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ లాంటివి నగరపాలక సంస్థల చేతిలోని పెద్ద కేంద్రాలు. ఈ మార్గదర్శి అంతకంటే చిన్నవాటి కోసం: ఎకరం, రెండెకరాల స్థలంలో నడక దారి, పిల్లల ఆటస్థలం, ఓపెన్ జిమ్, రెండు మూడు షటిల్ కోర్టుల హాలు, 25 మీటర్ల ఈతకొలను ఉన్న చోటు. మేనేజరు, వార్డు కమిటీ సభ్యులు, మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ముగ్గురూ కలిసి కూర్చుని దీన్ని వాడుకోవచ్చు.

1. ముందుగా వారం రోజుల లెక్క

ఏ మరమ్మతూ మొదలుపెట్టకముందే ఒక వారం మనుషుల్ని లెక్కపెట్టండి. ఉదయం 6, 10, సాయంత్రం 4, 7 గంటలకు ఒకరు నోట్‌బుక్కుతో ప్రాంగణమంతా ఒక చుట్టు తిరగాలి. నడక దారి, కోర్టులు, కొలను, ఆటస్థలం, ఖాళీ బల్లలు, ఇలా ప్రతిచోటా పురుషులు, మహిళలు, పన్నెండేళ్లలోపు పిల్లలు, అరవై దాటినవాళ్లు ఎందరో విడివిడిగా రాయాలి. ఆదివారం తప్పకుండా ఉండాలి. వాన పడిన రోజును వేరుగా గుర్తుపెట్టండి.

వచ్చినవాళ్లను మాత్రమే అడిగితే జవాబులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, ఇంకో కోర్టు కావాలంటారు. రానివాళ్లను అడగాలి. దగ్గరి ప్రభుత్వ బడి, డ్వాక్రా సంఘం సమావేశం, ఆటో స్టాండు, పారిశుద్ధ్య కార్మికుల బస్తీ, ఈ నాలుగు చోట్లా తలా పదిమందితో మాట్లాడితే చాలు. రెండే ప్రశ్నలు: ఎందుకు రావడం లేదు, ఏ గంటలో వీలవుతుంది? సాధారణంగా బయటపడే కారణాలు దీపాలు, మరుగుదొడ్డి, గేటు దగ్గర కూర్చునే కుర్రాళ్లు, ఫీజు. కొత్త పరికరం కావాలని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఈ కాగితం చేతిలో లేకుండా కౌన్సిలర్ దగ్గరికో కమిషనర్ దగ్గరికో వెళితే చర్చ శంకుస్థాపన వైపు మళ్లుతుంది.

2. కాగితాలు, కమిటీ

స్థలం ఎవరి పేరున ఉంది, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, నీటి కనెక్షన్ బిల్లు ఎవరు కడతారు, భవనాన్ని కాంట్రాక్టరు అప్పగించినట్టు కాగితం ఉందా, ఈ నాలుగూ తేల్చుకోండి. కాంట్రాక్టరు లోపాలను సొంత ఖర్చుతో సరిచేయాల్సిన గడువు ఇంకా మిగిలి ఉంటే పగుళ్లు, లీకేజీలు ఫొటోలతో సహా వెంటనే రాసి ఇవ్వాలి. ఆ గడువు దాటాక కూలిన ప్రతి పెంకూ మున్సిపాలిటీ ఖర్చే.

నిర్వహణ కమిటీకి చట్టబద్ధమైన రూపం కావాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించవచ్చు. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పదకొండు మంది ఉంటే పని సాగుతుంది, అందులో ఆరుగురు మహిళలైతే మంచిది. షటిల్ ఆడే బృందం ఒక్కటే కమిటీ అయితే నిధులన్నీ కోర్టులకే పోతాయి. దివ్యాంగులలో ఒకరు, బడి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) ఒకరు, బస్తీ నుంచి ఒకరు తప్పక ఉండాలి.

కేంద్రం ఖాతాకు బ్యాంకులో ఇద్దరి సంతకం పెట్టించండి. ఫీజు వసూలుకు పెట్టే యూపీఐ క్యూఆర్ ఆ ఖాతాదే అయి ఉండాలి. మేనేజరు సొంత ఫోను నంబరుకు డబ్బు వెళ్లే పద్ధతి మొదటిరోజు ఎంత సులువుగా కనిపించినా ఆరు నెలలకు అనుమానాలు తెస్తుంది, నిజాయితీగా పనిచేసేవాళ్లనూ బదనాం చేస్తుంది.

3. వేళలు

పనివేళలు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు, ఫలితం మాత్రం అన్నిటికంటే పెద్దది. ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 9 ప్రధాన వేళలుగా మన వాతావరణానికి సరిపోతాయి. ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా బయటి ఆటలు ఆపేసి, నీడ ఉన్న హాలులో చదరంగం, క్యారమ్స్ నడపండి.

ఉదయం 6 నుంచి 8 మధ్య కోర్టులన్నీ నెలవారీ సభ్యులతో నిండిపోవడం దాదాపు అన్నిచోట్లా ఉన్న సమస్య. మూడు కోర్టుల్లో గంటకు నలుగురు చొప్పున ఆడితే రెండు గంటల్లో అవకాశం దక్కేది ఇరవై నాలుగు మందికే. అందుకే మూడింటిలో ఒక కోర్టు ఎప్పుడూ అప్పటికప్పుడు వచ్చేవాళ్లకు ఉంచండి. ఆటను 45 నిమిషాల స్లాటుగా చేయండి. ఒకే బృందం వరుసగా రెండు స్లాట్లు తీసుకోకూడదని బోర్డు పెట్టండి. సాయంత్రం 4 నుంచి 6 బడి పిల్లలది.

ఈతకొలనులో మహిళల బ్యాచి పేరుకు పెట్టి మధ్యాహ్నం 3 గంటలకు తోసేస్తే ఎవరూ రారు, తర్వాత డిమాండ్ లేదని రద్దు చేస్తారు. ఆ బ్యాచి ఉదయం 9 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 6 మధ్య ఉండాలి. లైఫ్‌గార్డులు, కోచ్ అందరూ మహిళలే కావాలి. కొలను వైపు చూసే కిటికీలకు తెర వేయాలి. ఫోన్లు, సీసీ కెమెరా కొలను గట్టు మీద ఉండకూడదు, కెమెరా గేటు దగ్గర ఉంటే చాలు. మూడు నెలలపాటు హాజరు తక్కువగా ఉన్నా ఆపకండి. మాట ఇంటింటికీ చేరడానికి అంత సమయం పడుతుంది.

4. దీపాలు, మరుగుదొడ్లు, ర్యాంపు

రాత్రి ఏడున్నరకు కమిటీలోని మహిళలు ప్రాంగణమంతా నడిచి చీకటిగా ఉన్న చోట్లకు సుద్దతో గుర్తు పెట్టాలి. చాలాచోట్ల స్తంభాలు సరిపడానే ఉంటాయి, చెట్ల కొమ్మలు దీపం కిందికి పెరిగి వెలుతురును మింగేస్తుంటాయి. కొత్త స్తంభానికి ఎస్టిమేట్ వేయకముందే కొమ్మలు కొట్టించండి. ఎల్ఈడీ దీపాలు రెండు, డ్రైవర్లు (దీపానికి తగ్గట్టు కరెంటు ఇచ్చే చిన్న పెట్టెలు) రెండు, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట ఆపేసే స్విచ్) ఒకటి ఎప్పుడూ స్టోరులో ఉండాలి. ఎల్ఈడీ దీపంలో ముందు పోయేది డ్రైవరే. అది మారిస్తే సరిపోయే చోట దీపం మొత్తం కొనిపిస్తుంటారు.

మరుగుదొడ్లను ఉదయం 5, 10, సాయంత్రం 4, 8 గంటలకు కడగాలి. తలుపు లోపలి వైపు సంతకాల కాగితం వేలాడదీయండి. మహిళల వైపు లోపలి గడియ, బట్టలు తగిలించే కొక్కెం, మూత ఉన్న బుట్ట, కొళాయిలో నీళ్లు, ఈ నాలుగూ రోజూ చూసుకోవాలి. నీళ్లు రాకపోతే ఆ రోజు మరుగుదొడ్డి పనిచేయనట్టే లెక్క.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు: అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు, వెడల్పు కనీసం 1.2 మీటర్లు. రెండు మీటర్లలో ముగించిన ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా వెనక్కి దొర్లుతుంది. గేటు దగ్గర బైకులు రాకుండా పెట్టే ఇనుప కమ్మీల మధ్య 90 సెంటీమీటర్ల సందు వదలండి, లేకపోతే చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది.

5. ఈతకొలను

ప్రాణానికి ప్రమాదం ఉన్నది ఇక్కడే, డబ్బు ఎక్కువ ఖర్చయ్యేదీ ఇక్కడే. కాబట్టి వివరంగా చూద్దాం.

ముందు మీ కొలను నీటి పరిమాణం తెలియాలి. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, లోతు ఒక చివర 0.9, ఇంకో చివర 1.5 మీటర్లు ఉంటే సగటు 1.2 మీటర్లు. గుణిస్తే 375 ఘనపు మీటర్లు, అంటే 3,75,000 లీటర్లు. ఈ అంకెను పంపు గది గోడ మీద పెయింటుతో రాయించండి. క్లోరిన్ లాంటి మందుల మోతాదులన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఖాళీ చేసి నింపాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 75 కావాలి. నీటిని మార్చడం కంటే కాపాడుకోవడం ఎంత చవకో ఇక్కడే తెలుస్తుంది.

ఇంత నీళ్లూ ఆరు గంటలకోసారి ఫిల్టరు గుండా పోవాలి. వేసవి రద్దీలో నాలుగు గంటలకోసారి పోతే ఇంకా మంచిది. ఆరు గంటల లెక్కకు పంపు గంటకు 62 ఘనపు మీటర్లు తోడాలి. ఇసుక ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజి ఎంత చూపిస్తుందో ఎర్ర గీతతో గుర్తుపెట్టండి. అక్కడి నుంచి అర బార్ పెరిగితే నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగాలి, అంటే బ్యాక్‌వాష్ చేయాలి. గాజు గొట్టంలో నీళ్లు తేటపడేదాకా, అంటే సుమారు 3 నుంచి 5 నిమిషాలు నడిపించి, తర్వాత అర నిమిషం రిన్స్ చేయాలి. రిన్స్ వదిలేస్తే మిగిలిన మురికి మళ్లీ కొలనులోకే వస్తుంది. పంపు తిరుగుతుండగా వాల్వు పిడిని ఎప్పుడూ తిప్పకూడదు, లోపలి రబ్బరు తెగుతుంది. ఒక్క బ్యాక్‌వాష్‌కు నాలుగు వేల లీటర్లు పోతాయి. ఆ నీటిని సంపులో రెండు రోజులు ఎండకు నిలవనిస్తే క్లోరిన్ పోతుంది, చెట్లకు పెట్టుకోవచ్చు.

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) మధ్య, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. పీహెచ్ 8 దాటితే వేసిన క్లోరిన్‌లో ఎక్కువ భాగం పనిచేయదు. నీళ్లు పచ్చబడుతున్నాయని ఇంకా మందు పోస్తూ పోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ముందు ఆమ్లంతో పీహెచ్ దించాలి, ఆ తర్వాతే క్లోరిన్. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి పీహెచ్ పైకే పోతుంటుంది.

పైన చెప్పిన కొలనులో 1 పీపీఎం పెంచడానికి 375 గ్రాముల క్లోరిన్ కావాలి. 65 శాతం క్యాల్షియం హైపోక్లోరైట్ గుళికలైతే 580 గ్రాములు, 90 శాతం టీసీసీఏ (బిళ్లలుగా వచ్చే ఇంకో క్లోరిన్ మందు) అయితే 420 గ్రాములు, తాజా బ్లీచింగ్ పౌడరు అయితే సుమారు 1.15 కిలోలు. బ్లీచింగ్ పౌడరు తేమకు నెలల్లో బలం కోల్పోతుంది. పాత బస్తాలోది కొలిచి వేసినా చాలకపోవడానికి కారణం ఇదే. పైగా దాని సున్నం అడుగున పేరుకుంటుంది. గుళికలు వాడటమే మేలు. ఎండాకాలంలో రోజుకు 2 పీపీఎం ఖర్చయితే రోజుకు 1.15 కిలోలు, నెలకు 35 కిలోల గుళికలు. స్టాకు ఇలా లెక్కేసి తెప్పించండి.

టీసీసీఏ బిళ్లలు పెట్టడం తేలిక కనుక అందరూ అవే వాడతారు. వాటిలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ ఆమ్లం కూడా నీటిలో చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలంతా అవే వాడితే ఆ ఆమ్లం సుమారు 36 పీపీఎం పెరుగుతుంది. అది ఎండకు పోదు, మామూలు ఫిల్టరుకు చిక్కదు. వంద దాటాక టెస్టులో క్లోరిన్ సరిపడా చూపిస్తూనే నాచు పడుతుంది. కొంత నీటిని తీసేసి కొత్త నీరు కలపడం తప్ప వేరే దారి ఉండదు. రోజువారీ మోతాదు హైపోక్లోరైట్‌తో ఇస్తూ, ఎండలు మండే నెలల్లో మాత్రమే టీసీసీఏ కొద్దిగా వాడితే ఈ చిక్కు రాదు.

మందు చివరి బ్యాచి వెళ్లాక రాత్రిపూట వేయాలి. పగలు వేస్తే ఎండ దాన్ని గంటల్లో తినేస్తుంది. బకెట్లో ముందు నీళ్లు, ఆ తర్వాత మందు. మందు మీద నీళ్లు పోయకూడదు. క్లోరిన్, ఆమ్లం రెండూ ఒకే గదిలో ఒకదాని పక్కన ఒకటి ఉండకూడదు. కలిస్తే విషవాయువు వస్తుంది. హైపోక్లోరైట్ తీసిన డబ్బాతోనే టీసీసీఏ తీయకూడదు, ఆ రెండూ కలిస్తే మంటలు అంటుకుంటాయి, పేలుడూ జరగవచ్చు. రెంటికీ వేర్వేరు రంగుల మగ్గులు పెట్టండి.

పరీక్ష కిట్టు విషయంలో ఒక జాగ్రత్త. పసుపు రంగు వచ్చే పాతరకం ఓటీవో కిట్టు మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది, అందులో పనికొచ్చేది ఎంతో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్టు కొనండి, రెండూ విడిగా తెలుస్తాయి. కళ్లు మండుతున్నాయి, క్లోరిన్ వాసన గుప్పుమంటోంది అంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు. చెమట, మూత్రంతో కలిసి పాడైన క్లోరిన్ వాసన అది. ఆ భాగం అర పీపీఎం ఉంటే దానికి పదింతలు, అంటే 5 పీపీఎం మోతాదు రాత్రి ఒకేసారి వేసి, మళ్లీ 3 పీపీఎంకి దిగాకే జనాన్ని దింపాలి. ఇంకో మాట: క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ రంగు వెలిసిపోయి సున్నాలా కనిపిస్తుంది. సున్నా వచ్చిందని ఇంకా పోయకముందు, కొలను నీటిలో మంచినీళ్లు సగానికి సగం కలిపి మరోసారి చూడండి.

రోజుకు మూడుసార్లు, అంటే తెరవకముందు, మధ్యాహ్నం, సాయంత్రం బ్యాచికి ముందు కొలిచి రాయాలి. ఆ అంకెలు గేటు దగ్గర బోర్డు మీద కనిపించాలి. లోతు చివర అడుగున నీళ్లు పోయే రంధ్రం మీది జాలీ గట్టు మీది నుంచి స్పష్టంగా కనిపించకపోతే ఆ రోజు కొలను మూయాల్సిందే, ఏ సిఫారసు వచ్చినా సరే. అడుగు కనిపించని నీటిలో మునిగిన మనిషీ కనిపించడు.

అడుగు జాలీ ఊడినా, విరిగినా వెంటనే పంపు ఆపి అందరినీ బయటికి తీయాలి. ఆ రంధ్రం పీల్పుకు పిల్లల చేయి, జుట్టు ఇరుక్కుపోతాయి. అడుగున ఒకదానికొకటి దూరంగా రెండు రంధ్రాలు, ఒకే పైపుకు కలిపి ఉండటం సురక్షితం. నీటిలోపలి దీపాలు 12 వోల్టులవే కావాలి. పంపు గదికి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

లైఫ్‌గార్డులు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. నేర్పుతున్న కోచ్ లైఫ్‌గార్డు లెక్కలోకి రాడు, అతని చూపు తన పిల్లల మీదే ఉంటుంది. మునుగుతున్నవాళ్లు కేకలు వేయరు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున ఆడుతూ, నిశ్శబ్దంగా కిందికి పోతారు. పది సెకన్లలో తన భాగమంతా ఒకసారి చూడగలగాలి, ఇరవై సెకన్లలో ఆ మనిషి దగ్గరికి చేరగలగాలి. దీన్ని బట్టి కుర్చీ ఎక్కడ వేయాలో నిర్ణయించండి. అరగంటకోసారి స్థానాలు మారాలి. డ్యూటీలో ఫోను లాకరులోనే. గట్టు మీద తాడు కట్టిన రింగు, నాలుగు మీటర్ల కర్ర, వెన్నెముక కదలకుండా మోసే స్పైన్ బోర్డు అందుబాటులో ఉండాలి. మునిగిన మనిషికి ముందు కావాల్సింది ఊపిరి: నోటితో శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీని 30 సార్లు నొక్కి రెండు శ్వాసలు, ఇలా 108 వచ్చేదాకా ఆపకూడదు. దీన్ని మూడు నెలలకోసారి బొమ్మ మీద సాధన చేయించాలి.

ఒకేసారి దిగేవాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టండి. మనిషికి మూడు చదరపు మీటర్ల నీరు అనుకుంటే ఈ కొలనుకు గరిష్ఠం వందమంది. ఇద్దరే లైఫ్‌గార్డులుండి, వేసవి శిబిరంలో ఈత రాని పిల్లలు ఎక్కువగా ఉంటే నలభై దాటనీయకండి. దిగేముందు షవరు తప్పనిసరి. నూనె రాసిన తల, చెమట నేరుగా నీటిలోకి దిగితే క్లోరిన్ ఖర్చు పెరుగుతుంది.

వానాకాలంలో కొలను వాడటం లేదని పూర్తిగా ఖాళీ చేయకండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో భూగర్భజలం పైకి ఉండే చోట ఖాళీ కొలనును కింది నీటి ఒత్తిడి పైకి నెట్టి పగలగొడుతుంది. నల్లరేగడి నేలల్లో మట్టి ఉబ్బి గోడల్ని తోస్తుంది. నీళ్లు ఉంచి, రోజుకు మూడు నాలుగు గంటలు పంపు నడిపి, 1 పీపీఎం క్లోరిన్ నిలపండి. క్లోరిన్ లేకుండా వదిలేసిన కొలను దోమలకు పుట్టిల్లు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా పట్టేది వారం పది రోజులే కనుక, ప్రాంగణంలోని పూలకుండీలు, పాత టైర్లు, మూతలేని డ్రమ్ములు ప్రతి శుక్రవారం డ్రైడేగా ఖాళీ చేయించండి.

6. షటిల్ హాలు

డబుల్స్ కోర్టు 13.4 మీటర్లు, 6.1 మీటర్లు. నెట్ స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. చుట్టూ రెండు మీటర్ల ఖాళీ లేకుండా గోడకు ఆనించి గీసిన కోర్టుల్లో మోకాళ్లు, మోచేతులు దెబ్బతింటాయి. స్థలం చాలకపోతే మూడు కోర్టులను రెండు చేయడమే సరైన పని. దీపాలు కోర్టు నడినెత్తిన కానీ, వెనక గోడ వైపు కానీ ఉండకూడదు, పక్కల వెంట ఉండాలి. లేకపోతే పైకి చూసిన ప్రతిసారీ షటిల్ వెలుతురులో మాయమవుతుంది. గోడలకు తెల్లరంగు వద్దు, ముదురు ఆకుపచ్చ వేయించండి.

చెక్క నేలను తడిగుడ్డతో తుడిస్తే పలకలు ఉబ్బుతాయి. రోజూ పొడి మాప్, వారానికోసారి గట్టిగా పిండిన గుడ్డ సరిపోతుంది. సింథటిక్ మ్యాట్ సిమెంటు నేల మీద వేస్తే వానాకాలంలో కింద చెమ్మ పట్టి బుడగలు లేస్తాయి. మ్యాట్ వేసేముందు మీటరు చదరం ప్లాస్టిక్ షీటును నేల మీద టేపుతో అతికించి ఒకరోజు ఉంచండి. కింద తేమ పడితే ముందు చెమ్మ ఆపే పూత వేయించాలి. మట్టి బూట్లతో ఎవరినీ దిగనీయకూడదు. తలుపు దగ్గర బూట్లు మార్చుకునే బల్ల ఉంటే ఈ నియమం తనంతట తాను అమలవుతుంది. పెళ్లిళ్లకు, రాజకీయ సభలకు హాలును ఒక్కసారి ఇచ్చినా కుర్చీ కాళ్లు మ్యాటును చీలుస్తాయి. ఇవ్వరాదని తీర్మానంలోనే రాసుకోండి.

7. పిల్లల ఆటస్థలం, ఓపెన్ జిమ్

జారుడుబల్ల, ఉయ్యాల కింద సిమెంటు పేవర్లు ఉంటే ముందు వాటిని తీయించండి. తలకు తగిలే దెబ్బలకు కారణం ఎత్తుకంటే నేల గట్టిదనమే. 30 సెంటీమీటర్ల లోతున సన్న మట్టి లేని కడిగిన ఇసుక నింపాలి. ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర ఇసుక పక్కకు తన్నుకుపోతుంది కాబట్టి వారానికోసారి రేక్‌తో లాగి సమం చేయాలి. గాజు ముక్కలు, కుక్కల మలం రోజూ పొద్దున్నే ఏరాలి. రేకు జారుడుబల్ల పడమటి ఎండకు ఎదురుగా ఉంటే మేలో సాయంత్రం నాలుగుకు కూడా చర్మం కాలుతుంది. ఉత్తరం వైపు తిప్పండి లేదా నీడ వల కట్టండి. కమ్మీల మధ్య సందులు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉండకూడదు. అంత సందులో పిల్లల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది.

ఓపెన్ జిమ్‌లో ముందు పోయేవి బేరింగులు. ఊగే కాలిపలక పక్కలకు కదులుతోందంటే బేరింగు అరిగిందని అర్థం, ఆ రోజే తాడు కట్టి వాడకం ఆపాలి. నెలకోసారి గ్రీజు, నట్ల బిగింపు, వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు చూసుకోవాలి. ఎయిర్ వాకర్ (నిలబడి కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపే పరికరం) కదిలే కాళ్ల మధ్య చిన్నపిల్లల వేళ్లు నలుగుతాయి, కాబట్టి జిమ్‌కు, ఆటస్థలానికి మధ్య నడుమెత్తు కంచె వేయండి. కొనేటప్పుడే బేరింగు నంబరు, స్పేర్లు ఇచ్చే షరతు ఆర్డరులో రాయించుకుంటే తర్వాత స్థానికంగా దొరుకుతాయి.

8. నడక దారి, చెట్లు

దారి వెడల్పు రెండు మీటర్లు, పైన రాతిపొడి దిమ్మిస కొట్టింది మోకాళ్లకు మంచిది. మధ్యలో రెండు సెంటీమీటర్లు ఎత్తు ఉంచితే వాన నీళ్లు పక్కలకు పోతాయి. నీడలో పరిచిన పేవర్లకు వానాకాలంలో పాకుడు పడుతుంది, పెద్దవాళ్లు జారిపడేది ఇక్కడే.

వేప, కానుగ, పొగడ నాటండి. కోనోకార్పస్ తొందరగా పచ్చగా కనిపిస్తుంది కానీ దాని వేళ్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి చొరబడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లను కూల్చాక విశాఖలో విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్టు, పూత కాలంలో ఘాటైన వాసనతో ఫిర్యాదులు తెచ్చింది. ఒకే జాతిని వరసగా నాటకపోవడం మంచిది. కొలనుకు పది మీటర్ల లోపు ఆకు రాల్చే చెట్టు వద్దు. తెలంగాణలో 2019 పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి, మొక్కలు, నీటి ఏర్పాట్లకు ఎస్టిమేటు ఆ పద్దులో పెట్టమని అడగండి.

9. డబ్బు

పార్కు, ఆటస్థలం, ఓపెన్ జిమ్ ఉచితంగానే ఉండాలి. ఫీజు కోర్టులకు, కొలనుకు మాత్రమే. ఉదయం రద్దీ గంటలకు ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ, ప్రభుత్వ బడి పిల్లలకు నామమాత్రం. ఫీజు ఎంతో ముందే అనుకోకుండా ఖర్చు నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు కొలను పంపు గంటకు ఆరున్నర యూనిట్లు తాగుతుందనుకోండి. రోజుకు 12 గంటలు నడిస్తే 78 యూనిట్లు, నెలకు 2,340. యూనిటు 8 రూపాయలనుకుంటే 18,720 రూపాయలు. దీనికి మందులు, ఇద్దరు లైఫ్‌గార్డుల జీతాలు, మహిళా లైఫ్‌గార్డుల జీతాలు కలపండి. ఆ మొత్తంలో ఎంత మున్సిపాలిటీ భరిస్తుందో తీర్మానం చేయించి, మిగిలినదాన్నే ఫీజుగా పంచండి.

కొలనుకు రాబడి ఏప్రిల్, మే నెలల్లో ఉప్పొంగి, నవంబరు నుంచి జనవరి దాకా పడిపోతుంది. వేసవి డబ్బులో మూడో వంతును విడి ఖాతాలో పెట్టి చలికాలం జీతాలకు ఉంచండి. వచ్చిన ప్రతి వందలో పదిహేను మరమ్మతుల నిధికి వెళ్లాలి. ఎంపీలు తమ నియోజకవర్గంలో పనులకు ఇప్పించే ఎంపీ ల్యాడ్స్ నిధులు కట్టడాలకు, పరికరాలకు వస్తాయి, జీతాలకూ కరెంటు బిల్లుకూ రావు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్ము క్రీడా శిక్షణకు అడగవచ్చు. అలాంటి డబ్బుతో కొత్త వస్తువు తెచ్చుకునే ముందు, దాన్ని ఐదేళ్లు నడపడానికి ఏటా ఎంతవుతుందో అదే అర్జీలో రాయండి. రాయలేకపోతే ఆ వస్తువు తీసుకోకపోవడమే మంచిది.

ప్రతి నెలా 5వ తేదీకల్లా రాబడి, ఖర్చు, నిల్వ మూడు అంకెలు గేటు బోర్డు మీద ఉండాలి. ఫీజు పెంచాల్సి వచ్చినప్పుడు జనం ఒప్పుకునేది ఈ బోర్డు చూసే.

10. లీజుకు ఇవ్వాల్సి వస్తే

మున్సిపాలిటీకి సిబ్బంది లేక ప్రైవేటు వ్యక్తికి ఇవ్వడం తప్పనిసరి కావచ్చు. ఎక్కువ అద్దె ఇచ్చేవాడికే కట్టబెడితే ఆ అద్దె ఫీజుల్లోంచి, లైఫ్‌గార్డుల జీతాల్లోంచి వస్తుంది. టెండరులో గరిష్ఠ ఫీజు, బడి పిల్లల గంటలు, మహిళల బ్యాచి, లైఫ్‌గార్డుల సంఖ్య ముందే ఖాయం చేసి, ఆ తర్వాతే అద్దె అడగాలి. ప్రతి పరికరం ఫొటోతో జాబితా తయారుచేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నీటి పరీక్ష పుస్తకాన్ని కమిటీ ఏ గంటలోనైనా చూడవచ్చని రాయండి. లైఫ్‌గార్డు లేకుండా కొలను తెరిచినట్టు రెండోసారి తేలితే లీజు రద్దు అన్న షరతు లేకుండా సంతకం పెట్టకండి.

11. ఏటా పదిహేను రోజుల మూత

డిసెంబరు మొదటి పక్షం ఇందుకు అనువైన కాలం. జనం తక్కువ, వానలూ చాలావరకు తగ్గి ఉంటాయి. కోస్తాలో తుఫాను హెచ్చరిక ఉంటే వారం జరపండి. ఫిల్టరు మూత తీసి ఇసుక గడ్డకట్టిందా చూడాలి. పెంకుల సందులు, నిచ్చెన బోల్టులు, జాలీ మరలు, ఎర్తింగు, హాలు పైకప్పు రేకుల హుక్కులు, ఆటస్థలం వెల్డింగులు చూసి తేదీతో రాయాలి. మూసే తేదీ, తెరిచే తేదీ నెల ముందే బోర్డు మీద పెట్టండి. సంక్రాంతి సెలవులకు పిల్లలు వచ్చేలోగా అన్నీ తెరిచి ఉండాలి.

తెరిచేముందు కొలను నీటిని ల్యాబులో సూక్ష్మజీవుల పరీక్ష చేయించాలి. వంద మిల్లీలీటర్లలో ఈ.కోలై ఒక్కటి కూడా ఉండకూడదు. నమూనాను మామూలు నీళ్ల సీసాలో పట్టకండి, సోడియం థయోసల్ఫేట్ వేసిన స్టెరైల్ సీసా ల్యాబు నుంచే తెచ్చుకోండి. అది లేకపోతే సీసాలోని క్లోరిన్ దారి పొడవునా క్రిముల్ని చంపుతూ పోతుంది, కొలను ఎలా ఉన్నా రిపోర్టు మాత్రం బాగుందనే వస్తుంది. మోచేతి లోతున, నీళ్లు వచ్చే పైపుకు దూరంగా పట్టి, ఐసు డబ్బాలో పెట్టి ఆ రోజే చేర్చండి.